ఇంజన్ చిన్నది, పెట్టెలు పెద్దవి

నేను రైల్వేలో పని చేస్తున్నానని మా అత్త ముత్తియాల్‌పేట అంతా చాటింది. పూర్తిగా అబద్ధం కాదు. నేను పని చేసింది చిన్న రైళ్ళు చేసే షాపులో. మా ఇంజన్ జానెడు పొడుగుంటుంది, బోగీ ఇంకాస్త. ఆ సంగతి వీధిలో వాళ్ళకు తెలిసేలోపల పెళ్ళిళ్ళ సీజన్ వచ్చింది. బెర్తుల కోసం మా గుమ్మం దగ్గర జనం.

"ఏంది విజయా, మా తిరుపతి టికెట్టు వెయిటింగ్ లిస్టులో ఉండాది. మీ ఆఫీసరుకు ఒక మాట చెప్పకూడదా?" అని ఎదురింటి అక్క రోజూ అడిగేది.

ఆ సమయానికి మా ఆఫీసరు లుంగీ ఎగ్గట్టి, కంటికి భూతద్దం తగిలించుకుని, చేజారిన చక్రం కోసం టేబుల్ కింద పాకుతుండేవాడు. ఆయన మాట ఆ చక్రమే వినేది కాదు, ఇంక రైల్వే ఏం వింటుంది?

ఈ మధ్య చేతులు వణకడం మొదలైంది. మా పనిలో చెయ్యి వణికితే అంతే సంగతులు. మానేశాను. ఇప్పుడు కొంతమంది యువకులు, ఇద్దరు ఆడపిల్లలు కూడా, ఈ పనిలోకి దిగుతామని వస్తున్నారు. బొమ్మలు అచ్చుపోసే ప్రింటర్ కొన్నారు, వీడియోలు చూశారు, ఇంకేం కావాలి అంటున్నారు. ఏం కావాలో చెప్పడానికే ఇది రాస్తున్నాను. మా ఇళ్ళలో తరతరాలుగా తెలుగు మాట్లాడతాం గాని, బళ్ళో నేర్పేది తమిళమే కాబట్టి చదవడం చాలామందికి రాదు. నాకు గూడూరు నుంచి వచ్చిన మా ఆయన నేర్పాడు. కాబట్టి నేను ఎవరి కోసం రాస్తున్నానో వాళ్ళు దీన్ని చదవలేకపోవచ్చు. ఎవరైనా చదివి వినిపించండి.

పనిముట్ల గురించి ఎక్కువ చెప్పను. అవి ఏటేటా మారతాయి. మనుషుల గురించి చెబుతాను. ముఖ్యంగా ఒకరితో ఒకరికి మాటల్లేని ఇద్దరు అన్నదమ్ములు, వాళ్ళ అమ్మ కోసం చేసిన ఒక బండి గురించి. దానికి ముందు ఈ పని ఎలాంటిదో కొంచెం తెలియాలి.

సరదా వాళ్ళది, జీతం మాది

నాయుడు సార్ మేట్టుపాళయంలో ఒక ఫ్యాక్టరీలో డ్రాఫ్ట్స్‌మన్. నేను అక్కడే మోటార్లకు తీగ చుట్టేదాన్ని. ఆయనకు రైలు బొమ్మల పిచ్చి. పిచ్చి ముదిరి ఉద్యోగం మానేసి, ముత్తియాల్‌పేటలో తన ఇంటి ముందు గదినే షాపు చేసుకున్నాడు. నన్ను రమ్మన్నాడు. ఇంటర్వ్యూ కూడా పెట్టాడు. సన్న సూదిలో దారం ఎక్కించమన్నాడు. ఎక్కించాను. దారం లాగేసి, "మళ్ళీ ఎక్కించు. ఈసారి నా మీద కోపం తెచ్చుకోకుండా," అన్నాడు.

ఆ ఇంటర్వ్యూ ఎంత సరైనదో తరవాత తెలిసింది. ఈ పనిలో చేతి నేర్పు సగమే. మిగతా సగం కోపం అణుచుకోవడం.

మా దగ్గరికి వచ్చేవాళ్ళు చాలావరకు రిటైరైనవాళ్ళు. డాక్టర్లు, బ్యాంకు వాళ్ళు, లాయర్లు. ఇళ్ళలో కూర్చుని సొంతంగా ఇంజన్లూ పెట్టెలూ చేసుకుంటారు. తమ వల్ల కానిది మా దగ్గరికి తెస్తారు. టంకం పెట్టడం, మోటారు బిగించడం, ఆవగింజంత అక్షరాలు రాయడం. ఏమీ చేయకుండా తెచ్చేవాళ్ళతో బాధ లేదు. ముప్పాతిక చేసి తెచ్చేవాళ్ళతోనే వచ్చిన చిక్కంతా.

ఒక పెద్దమనిషి ఇంజన్ తెచ్చి టేబుల్ మీద పెట్టాడు. "చక్రాలు మాటిమాటికీ ఊడిపోతా ఉండె. మంచి గమ్ము వేసి అంటించినా. ఇప్పుడు బండి కదలడం లేదు. మోటారు పోయిందేమో చూడు," అన్నాడు.

"మోటారు బాగానే ఉంది సార్. చక్రాలు ఇంక ఊడవు. తిరగవు కూడా," అన్నాను.

ఆయన మొదటి సగం విని సంతోషించాడు. రెండో సగం అర్థం కావడానికి కాఫీ తాగాల్సొచ్చింది. ఇలాంటివాళ్ళను చూసి నవ్వకండి. లోపలికెళ్ళి నవ్వండి. వాళ్ళ సరదా లేకపోతే మన పొయ్యి వెలగదు.

మురికి పూసే పని

కొత్తగా రంగు వేసిన ఇంజన్ బొమ్మలాగే ఉంటుంది. నిజం ఇంజన్‌లా కనిపించాలంటే దానికి మురికి పట్టించాలి. పొగగొట్టం దగ్గర మసి, నీళ్ళ తొట్టి పక్కన తెల్ల చారలు, చక్రాల దగ్గర తుప్పు, మెట్ల మీద జిడ్డు. ఇదంతా సన్న బ్రష్షుతో పొర మీద పొరగా వేస్తాం. ఇంట్లో నా గ్యాస్ పొయ్యి తళతళలాడుతుండేది. షాపులో మురికి పూయడంలో నన్ను మించినవాళ్ళు లేరు. ఇది మా అత్తకు చివరిదాకా చెప్పలేదు.

ఒక డాక్టరు గారి గూడ్సు బండికి వారాల తరబడి మురికి పూశాను. నా చేతిలో అంత బాగా వచ్చిన పని ఇంకోటి లేదు. అంతలో ఆయుధ పూజ వచ్చింది. మా వైపు ఆ రోజు పనిముట్లన్నీ కడిగి, గంధం పూసి, కుంకుమ పెట్టి వరసగా పేరుస్తారు. నాయుడు సార్ భార్య సుందరమ్మక్క మహా శుభ్రం మనిషి. తెల్లవారి లేచి లేతు మిషను తుడిచింది, ఆకురాళ్ళు కడిగింది, అలమర తెరిచింది. లోపల డాక్టరు గారి బండి. మసి, తుప్పు, జిడ్డు.

మేం షాపులోకి వచ్చేసరికి ఇంజనూ వ్యాగన్లూ చింతపండుతో తోమి, మంచినీళ్ళతో కడిగి, ఎండలో ఆరబెట్టి ఉన్నాయి. ఇత్తడి బయటపడి కళ్ళు చెదిరిపోతున్నాయి. ఒక్కోదానికి గంధం, మధ్యలో కుంకుమ బొట్టు.

"ఏంది మీరు, పండగ పూట ఇంత అసింగంగా పెట్టుకుంటారా? నా చేతులు చూడు, ఎట్లా నల్లబడినాయో," అంది సుందరమ్మక్క.

నాయుడు సార్ నోరు తెరిచాడు, మూశాడు. ఆయన సంసారం అన్నేళ్ళు నిలబడిందంటే ఆ మూయడం వల్లే. ఆమె అంతటితో ఆగలేదు. కొత్త బండి కదా అని చక్రం ముందు నిమ్మకాయ పెట్టి, తొక్కించమంది. నిమ్మకాయ ఇంజన్ మొహమంత ఉంది. కరెంటిస్తే ఇంజన్ దాన్ని ఢీకొని, వెనక్కి జారి, పట్టాలు తప్పి పక్కకు ఒరిగింది. "చిన్నది తెచ్చింటే సరిపోయేది," అని ఆమె కాయను కోసి, రసం చక్రాల మీద పిండింది. ఆ రసం గేర్లలోకి వెళ్ళింది.

డాక్టరు గారికి ఏం చెప్పామో ఇక్కడ రాయను. నెలరోజులు మళ్ళీ మురికి పూశాను. అలమర మీద "ఇవి కడగరాదు" అని పెద్ద బోర్డు రాయించాం. మరుసటి ఏడు ఆయుధ పూజకు సుందరమ్మక్క మా మాట వింది. ఇంజన్లను ముట్టుకోలేదు. బోర్డును కడిగింది. అక్షరాలు పోయాయి.

మీరు వర్క్‌షాపు పెడితే, ఏది మురికి, ఏది రంగు అన్నది ముందు ఇంట్లోవాళ్ళకు చెప్పండి. మన పనికి తుప్పు శత్రువు కాదు. శుభ్రత శత్రువు.

పెద్దోడికి ఇంజన్, చిన్నోడికి పెట్టెలు

ఇంక అసలు సంగతి. ఆర్. జగన్నాథం, ఆర్. వెంకటేశు అన్నదమ్ములు. నేను పెద్దన్న, చిన్నన్న అని పిలిచేదాన్ని. పెద్దన్న కరెంటాఫీసులో, చిన్నన్న మిల్లులో పనిచేసి రిటైరయ్యారు. వాళ్ళ నాన్న విళుపురం లైన్లో గార్డు. చిన్న గేజి రోజుల్లో, పొగ ఇంజన్ల కాలంలో. నాన్న బండి చూస్తూ పెరిగినందుకో ఏమో, ఇద్దరికీ రైలు బొమ్మలు చేసే పిచ్చి పట్టింది. ఇద్దరూ మంచి పనిమంతులు. ఒకరితో ఒకరికి మాటలు మాత్రం లేవు.

పెద్దన్న మంగళవారం వచ్చేవాడు, చిన్నన్న శుక్రవారం. ఎప్పుడైనా తేదీ తప్పి ఎదురుపడితే, ఒకరు వీధి తలుపులోంచి వస్తుంటే ఇంకొకరు వంటింట్లోంచి పెరటి దారిన వెళ్ళిపోయేవారు. సుందరమ్మక్క పోయేవాళ్ళకు కూడా కాఫీ ఇచ్చి పంపేది.

మాటలు ఎందుకు పోయాయని ఇద్దరినీ విడివిడిగా అడిగాను. "నా బిడ్డ పెండ్లిలో అన్నం తినకుండా లేచి పోయినాడు," అన్నాడు పెద్దన్న. "నా కొత్త ఇల్లు చూసి, గాలి రాదే అన్నాడు, అందరి ముందర," అన్నాడు చిన్నన్న. ఒకరు చెప్పిన కారణం ఇంకొకరికి గుర్తే లేదు. ఇద్దరూ గట్టిగా పట్టుకుని కూర్చున్నది వేరు వేరు గొడవలు.

వాళ్ళ అమ్మ రాజమ్మ పెద్దమ్మ మా వీధిలోనే ఒక పోర్షన్ అద్దెకు తీసుకుని ఉండేది. ఏ కొడుకింట్లో ఉన్నా రెండోవాడు మొహం మాడ్చుకుంటాడని. ఎనభై దాటినా మనిషి గట్టిది, నోరు ఇంకా గట్టిది. ఆమెను బాధపెట్టింది ఒక్కటే. భర్త తద్దినం ఒకే రోజున రెండు ఇళ్ళలో జరిగేది. పురోహితుడు కూడా ఒక్కడే. పెద్దన్న ఇంట్లో ముగించి, ఆటో ఎక్కి చిన్నన్న ఇంటికి వెళ్ళేవాడు. పెద్దమ్మ అదే ఆటోలో. "బతికుండంగా ఆయన రాత్రి పూట మజ్జిగన్నమే తినేది. సచ్చినాక ఒకే పగలు రెండు విందులు," అనేది.

ఒక రోజు ఆమె ఇద్దరినీ మా షాపుకు పిలిపించింది. ఒకరు తలుపు దగ్గర, ఒకరు కిటికీ దగ్గర నిలబడ్డారు.

"ఎప్పుడు చూసినా ఈ బొమ్మలతోనే గదా ఆడతా ఉండేది మీరు. అయితే మీ నాయన బండి చెయ్యండి. పెద్దోడు ఇంజను. చిన్నోడు పెట్టెలు. తిథికి ముందు రెండూ తగిలించి నాకు చూపించల్ల. చూపిస్తే, ఒక్క ఇంట్లో తిథి, నేనూ వస్తా. లేదా, ఇద్దరిండ్లలోనూ నా కాలు పడదు. నేను లేకుండానే మీ నాయనకు పెట్టుకోండి."

ఆమె బెదిరించడం లేదు. ఆ గొంతు విన్నవాళ్ళెవరికైనా అది తెలుస్తుంది. ఆ ఇద్దరి మధ్యా తిరగాల్సిన పోస్టుమాను నేనేనని అప్పుడే అర్థమైంది.

పట్టా ఎంత?

ఇద్దరూ ఇళ్ళలోనే పని మొదలుపెట్టారు. ఒకరి పని ఒకరికి చూపించడానికి ఒప్పుకోలేదు. నేను ఇటు మాట అటు, అటు మాట ఇటు మోశాను. "ఆడ చెప్పు," అనేవాడు పెద్దన్న. "ఆయనకు చెప్పు," అనేవాడు చిన్నన్న. రంగు ముదురు ఎరుపా, ఇటుక ఎరుపా? కొక్కెం ఎలాంటిది? పెట్టెలు ఎన్ని? అన్నీ నా నోటి మీదుగానే.

మొట్టమొదట పెద్దన్న అడిగిన మాట, "పట్టా ఎంత అని అడుగు." అంటే రెండు పట్టాల మధ్య ఎడం. చిన్నన్న "పదహారున్నర" అన్నాడు. మిల్లీమీటర్లు. "నాదీ అంతే," అన్నాడు పెద్దన్న. ఇద్దరూ తృప్తి పడ్డారు. నేనూ తృప్తి పడ్డాను.

ఇక్కడ కొత్తవాళ్ళు జాగ్రత్తగా వినండి. నిజం రైలును ఎన్నింతలు తగ్గించి బొమ్మ చేస్తామో దాన్ని స్కేలు అంటాం. కొందరు ఎనభై ఏడు రెట్లు తగ్గిస్తారు. ఇంగ్లండు సామాను కొనేవాళ్ళు డెబ్బై ఆరు రెట్లే తగ్గిస్తారు, కాబట్టి వాళ్ళ బొమ్మ పెద్దదవుతుంది. తమాషా ఏమిటంటే రెండు రకాలూ నడిచేది ఒకే పట్టాల మీద. పట్టా కలిసింది కదా అని సంబరపడితే బండి కలవదు. సంబంధం చూడబోయి గోత్రం అడిగి, వయసు అడగకుండా వచ్చినట్టు.

తద్దినానికి రెండు రోజుల ముందు ఇద్దరి సామానూ షాపుకు చేరింది. ఇంజన్ అద్భుతం. పెట్టెలు అంతకన్నా అద్భుతం. నాయుడు సార్ రెండూ పట్టాల మీద పెట్టి, కొక్కెం తగిలించి, వెనక్కి జరిగి చూశాడు. తరవాత మెల్లగా స్టూలు లాక్కుని కూర్చున్నాడు.

పెట్టె కప్పు ఇంజన్ పొగగొట్టం కన్నా ఎత్తుగా ఉంది. మేక ఏనుగును ఈడుస్తున్నట్టుంది.

"స్కేలు అడగలేదా?" అన్నాడు.

"పట్టా అడగమన్నారు, అడిగాను. స్కేలు అడగమని ఇద్దరిలో ఎవరూ చెప్పలేదు. మీరూ చెప్పలేదు."

"నేను ఎందుకు చెప్తానమ్మా, అది అడక్కుండా ఎవరైనా ఉంటారా?"

ఉంటారు. మాట్లాడుకునేవాళ్ళయితే మొదటి రోజే మాటల్లో దొర్లిపోయేది. మాట్లాడుకోనివాళ్ళు ఎంత అవసరమో అంతే అడుగుతారు. ఎంత అవసరమో ముందే ఎవరికి తెలుస్తుంది?

దాచి లాభం లేదు. ఇద్దరికీ ఫోన్ చేశాను.

"ప్రపంచమంతా ఎనభై ఏడు చేస్తది. వాణ్ణే మార్చమను," అన్నాడు పెద్దన్న.

"నేను ఇంగ్లండు కిట్టు కొన్నప్పుడే ఆయన అడిగి ఉండల్ల. పెద్దాయన గదా," అన్నాడు చిన్నన్న.

రెండు రోజుల్లో ఎవరూ ఏదీ మార్చలేరు. కాసేపటికి పెద్దన్నే మళ్ళీ ఫోన్ చేసి, "వద్దులే విజయా, విడిచి పెట్టు. అమ్మకు నేను చెప్పుకుంటా," అన్నాడు. ఆ వెనకే చిన్నన్న కూడా సరిగ్గా అదే మాట. పౌరుషం పోతుందని ఇద్దరూ అమ్మను వదులుకోవడానికి సిద్ధపడ్డారు. నాకు ఒళ్ళు మండింది. ఇంటర్వ్యూలో అణుచుకున్న కోపమంతా ఆ రోజు బయటికొచ్చింది.

"రేపు పొద్దున ఇద్దరూ షాపుకు రావాలి. రాకపోతే మీ ఇంజనూ మీ పెట్టెలూ సుందరమ్మక్కకు ఇచ్చి చింతపండు పెట్టి తోమిస్తాను," అన్నాను. అదే మాట రెండు ఫోన్లలో.

సుందరమ్మక్క సంగతి ఊళ్ళో రైలు బొమ్మలవాళ్ళందరికీ తెలుసు. ఇద్దరూ వచ్చారు.

బండి నడిచిన పొద్దు

మా షాపులో గోడ వెంబడి పొడుగాటి బల్ల, దాని మీద పట్టాలు. ఇంజన్ ఆ చివర కిటికీ దగ్గర ఉంది, నాలుగు పెట్టెలూ వరసగా ఇవతలికి. చివరి పెట్టె తలుపు దగ్గరికి వచ్చింది. నేను కబురు పెడితే రాజమ్మ పెద్దమ్మ తలుపులోంచి వచ్చి, అక్కడే కుర్చీ వేయించుకుని కూర్చుంది. పెద్దన్న ఇంజన్ దగ్గర కాపలా. చిన్నన్న గోడ మీది క్యాలెండర్‌ను చాలా శ్రద్ధగా చదువుతున్నాడు. అది పోయిన సంవత్సరపు క్యాలెండర్.

నాయుడు సార్ కరెంటిచ్చాడు. బండి నెమ్మదిగా ముందుకు కదిలి, చిన్న శబ్దం చేస్తూ కొంచెం దూరం పోయి, మళ్ళీ వెనక్కి వచ్చి ఆగింది. కుదుపు లేదు. పెద్దమ్మ మెడ సాచి ఆ చివరిదాకా చూసింది.

"ఏందిరా, ఇంజను చిన్నగా ఉండాది?"

అయిపోయింది అనుకున్నాను. పెద్దన్న నోరు తెరిచాడు. చిన్నన్న క్యాలెండర్ మీంచి ఇటు తిరిగాడు. ఎవరు ఎవరి మీద తోసేవారో గాని, ఆమె వాళ్ళకు సందు ఇవ్వలేదు.

"ఉంటాదిలే. దూరం గదా."

పెద్దమ్మ చివరి పెట్టె కప్పు మీద వేలు పెట్టింది.

"నేను ఏనాడన్నా ఇంజను కాడికి పోతినా? టేసన్‌కు పోయేది, కడైసి పెట్టె కాడ నిలబడేది, మీ నాయన చేతికి క్యారియర్ ఇచ్చేది, వచ్చేసేది. ఆడనుంచి చూస్తే ఇంజను యాడనో ఇంతంత కనిపిస్తాది. దగ్గిర పెట్టె పెద్దది, దూరం ఇంజను చిన్నది. సరిగ్గా చేసినారు. ఇంత గుర్తు పెట్టుకుంటారని నేను అనుకోలే."

నాయుడు సార్ భూతద్దం తీసి చొక్కా అంచుతో తుడుచుకున్నాడు. ఆయన జీవితమంతా వెంట్రుకవాసి తేడా లేకుండా కొలిచిన మనిషి. నేను కూడా అంతే. ఆ పొద్దు మా ఇద్దరికీ కళ్ళు చెమర్చాయి, చెప్పుకోవడానికి నాకేం సిగ్గు లేదు. కొడుకులిద్దరూ తప్పు ఒప్పుకోలేక, మెప్పు కాదనలేక నేల చూపులు చూస్తున్నారు.

పెద్దమ్మ ముందుకు వంగి చివరి పెట్టె కిటికీలోకి తొంగి చూసింది. అది గార్డు పెట్టె.

"మీ నాయన యాడ?"

నేనూ వంగి చూశాను. ఇంజన్లో డ్రైవరున్నాడు, బొగ్గు వేసేవాడున్నాడు, వాడి చేతిలో పార కూడా ఉంది. పెట్టెల్లో చిన్నన్న రంగులేసి కూర్చోబెట్టిన జనం. బిడ్డను ఎత్తుకున్న తల్లి, అరటి గెల మోసుకొస్తున్న రైతు, నిద్రపోతున్న పోలీసు. గార్డు పెట్టె మాత్రం ఖాళీ. నాన్న బండి చేసి, నాన్ననే ఎక్కించలేదు.

పెద్దన్న తల తిప్పి తమ్ముడి వైపు చూశాడు. "నువ్వు పెట్టింటావనుకుంటిని."

"నువ్వు పెడతావని నేను..." అన్నాడు చిన్నన్న.

"నేనెట్ల పెడతారా, పెట్టె నీది గదా!"

"ఆయన నీకూ నాయనే గదా?"

"విజయతో ఒక మాట చెప్పి పంపింటే అయిపోయేది గదా!"

"విజయ ఎందుకు, నీకు నోరు లేదా? పక్క వీధిలోనే గదా ఉండేది నువ్వు!"

సుందరమ్మక్క కాఫీ గ్లాసులతో వచ్చి గుమ్మంలోనే ఆగిపోయింది. ఎవరిని పెరటి దారిన పంపాలో ఆమెకు తెలియలేదు. ఇద్దరూ మొహంలో మొహం పెట్టి అరుచుకుంటున్నారు. అన్నం తినకుండా లేచిన పెళ్ళీ వచ్చింది, గాలి రాని ఇల్లూ వచ్చింది. నేను ఇటూ అటూ మోయాల్సిన మాట ఒక్కటీ మిగల్లేదు. ఆ రోజు నా పోస్టుమాను ఉద్యోగం పోయింది. అంత సంతోషంగా ఏ ఉద్యోగమూ పోలేదు.

పెద్దమ్మ ఆమె చేతిలోంచి ఒక గ్లాసు అందుకుని కాఫీ తాగడం పూర్తి చేసింది. "చాలురా. రేపు తిథి పెద్దోడింట్లో. వచ్చే ఏడు చిన్నోడింట్లో. అయ్యరుకు ఒక్క ఆటో చాలు. ముందు మీ నాయనను బండి ఎక్కించండి. అంతవరకు నేను లెయ్యను."

గ్లాసు కింద పెట్టి కుర్చీలో గట్టిగా సర్దుకుంది. వెంటనే గొడవ మళ్ళీ లేచింది. బొమ్మ ఏ స్కేల్లో ఉండాలి? ఎనభై ఏడా, డెబ్బై ఆరా? తేడా బియ్యపు గింజలో సగం. అన్నదమ్ములు దానికోసం బల్ల గుద్దారు.

"ఆయన పొట్టోడేరా," అంది పెద్దమ్మ. "చిన్నదే పెట్టు విజయా."

డబ్బాలోంచి ఒక చిన్న బొమ్మ తీశాను. తెల్ల చొక్కా, తెల్ల ప్యాంటు, టోపీ వేశాను. చేతికి పచ్చ జెండా అతికించాను. కొడుకులిద్దరూ నా రెండు భుజాల మీదుగా వంగారు. మీసం గుబురుగా ఉండాలని ఒకరు, చివర్లు పైకి తిరగాలని ఇంకొకరు. నా దగ్గరున్న అన్నిటికన్నా సన్న బ్రష్షుతో, గుబురుగా, పైకి తిరిగేలా పెట్టాను. నా చెయ్యి అప్పటికి వణికేది కాదు. మీసం బ్రహ్మాండంగా కుదిరింది. "నాయనే," అన్నాడు చిన్నన్న.

పెద్దమ్మ నాయుడు సార్ భూతద్దం తీసుకుని చాలాసేపు చూసింది.

"మీసం తియ్యి."

"మీసం లేకుండా నాయన ఏందమ్మా!" అని కొడుకులిద్దరూ ఒక్కసారే అరిచారు. భుజం భుజం ఆనించి నిలబడి, బొమ్మకు చెయ్యి అడ్డం పెట్టారు.

"గుచ్చుకుంటా ఉంది, తియ్యండి అని పెండ్లయిన పొద్దునుంచి చెప్తిని. వినలే. ఇప్పుడన్నా వింటారేమో చూస్తా. తియ్యి విజయా."

నేను ఆ ఇద్దరినీ చూశాను, ఆమెనూ చూశాను. బ్రష్షు తిన్నర్‌లో ముంచి మీసం తుడిచేశాను. గార్డును చివరి పెట్టెలో, కిటికీ పక్కన నిలబెట్టాను. పెద్దమ్మ కుర్చీ ఇంకా ముందుకు లాక్కుని, మొహం కిటికీకి ఆనించినంత దగ్గరగా పెట్టింది.

"ఇప్పుడు బాగుండారు," అంది.